కంప్యూటరు తెరపై తెలుగు లిపి: స్ఫుటత్వ సమస్య

'అర్థము', 'అర్ధము' అనేవి తెలుగులో రెండు వేర్వేరు మాటలు. మొదటిది భావాన్నో ధనాన్నో చెబుతుంది, రెండవది సగాన్ని చెబుతుంది. లిపిలో ఈ రెండింటి నడుమ ఉన్న భేదమంతా రకారం కింద వేలాడే వత్తు కడుపులోని ఒక చుక్క. అచ్చు పుస్తకంలో ఆ చుక్క కనిపిస్తుంది. వ్రాసేవారు శ్రద్ధ గలవారైతే చేతివ్రాతలోనూ కనిపిస్తుంది. కంప్యూటరు తెరపై చిన్న అక్షరాలతో కూర్చిన పుటలో మాత్రం తరచుగా ఆ చుక్క అదృశ్యమవుతుంది, లేదా వత్తు కడుపంతా నల్లబడి చుక్కకు చోటే మిగలదు. పాఠకుడు సందర్భాన్ని బట్టి ఊహించుకొని ముందుకు సాగిపోతాడు. 'నెల', 'నేల' అనే జంట, 'మెడ', 'మేడ' అనే జంట కూడా ఇటువంటివే. అక్కడ ఉన్న తేడా ఏత్వం కొసన తిరిగే చిన్న మెలిక ఒక్కటే. కథలోనో వార్తలోనో అయితే సందర్భం ఆదుకుంటుంది. పట్టికలకు, దరఖాస్తులకు, పేర్ల జాబితాలకు సందర్భం ఉండదు. అక్కడ అక్షరమే ఆధారం.

ఈ ఇబ్బందికి సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. మొదటిది కంటి మీదికి నెపం నెట్టేది. నలభయ్యో ఏట దగ్గరి చూపు మందగించడాన్ని మన భాష ఏనాడో 'చత్వారం' అని పేరు పెట్టి అంగీకరించింది. కళ్లజోడు మార్చుకుంటే చాలునని ఈ పక్షం వారు అంటారు. రెండవది లిపి మీదికి నెపం నెట్టేది. తెలుగు లిపి గుండ్రనిదని, గుణింతాలతో వత్తులతో జటిలమైనదని, యంత్రానికి అనువు కానిదని ఈ పక్షం వాదం. టైపురైటరు వచ్చిన కాలంలోనూ ఇదే మాట వినిపించింది. ఈ రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే చత్వారం వచ్చిన వ్యక్తి అదే తెరపై, అదే పరిమాణంలో ఉన్న ఆంగ్లాన్ని చదవగలిగి తెలుగును చదవలేకపోతే నేరం కంటిది కాజాలదు. అదే లిపి మామూలు అచ్చు పుస్తకంలో స్ఫుటంగా కనిపిస్తున్నప్పుడు నేరం లిపిదీ కాజాలదు. మరొక లిపి కోసం తయారైన కొలబద్దతో తెలుగును కొలవడమే అసలు కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆ కొలబద్ద ఎట్లా తయారైందో ముందు చూడాలి. తెరపై అక్షరం సిరాతో గీసిన గీత కాదు. పిక్సెళ్లు అని పిలిచే వెలుగు బిందువుల వరుసలలో కొన్నింటిని నలుపు చేసి, కొన్నింటిని తెలుపుగా వదిలి అక్షరం అనే భ్రమను కల్పిస్తారు. చాలాకాలం పాటు కంప్యూటర్లు అంగుళానికి 96 బిందువులు అనే లెక్కతో పనిచేశాయి. అచ్చు యంత్రం అంగుళానికి వేయి పైచిలుకు బిందువులతో చేసే పనిని తెర అందులో పదోవంతుతో చేయవలసి వచ్చింది. అక్షరం చిన్నదయ్యేకొద్దీ దాని వంపులకు దక్కే బిందువులు తగ్గిపోతాయి. ఆంగ్లంలో చిన్న బడి 'ఇ' అక్షరాన్నే తీసుకుంటే, దానికి మూడు అడ్డగీతలు, వాటి మధ్య రెండు ఖాళీలు, మొత్తం ఐదు వరుసలు ఉంటే చాలు. ఆ ఐదు వరుసలలోనే అక్షరాన్ని అందంగా, స్పష్టంగా నిలబెట్టడానికి పాశ్చాత్య అక్షరశిల్పులు తీవ్రమైన కృషి చేశారు.

ఆ కృషికి శిఖరప్రాయమైనది 1996లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన వెర్డానా. మాథ్యూ కార్టర్ దానిని రూపొందించాడు. సంప్రదాయ పద్ధతిలో ముందు అక్షరపు అంచును గీసి, తరువాత దానిని తెరకు సర్దడం జరుగుతుంది. కార్టర్ ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి, ముందు బిందువులలో అక్షరాన్ని నిలబెట్టి, ఆ తరువాతనే దాని చుట్టూ అంచు గీశాడు. ఆ పైన టామ్ రిక్నర్ ప్రతి అక్షరానికీ, ప్రతి చిన్న పరిమాణంలో ఏ గీత ఏ వరుసలో పడాలో నిర్దేశించే సూచనలు వ్రాశాడు. ఆంగ్లంలో పెద్ద బడి 'ఐ', చిన్న బడి 'ఎల్', ఒకటి అంకె అనే మూడూ నిలువు గీతలే కాబట్టి ఒకదానినొకటి పోలి పాఠకుణ్ణి తికమక పెడతాయి. వెర్డానాలో ఈ మూడింటికీ విడివిడి రూపాలు కల్పించారు. అక్షరాల మధ్య ఎడం పెంచారు, కడుపులు తెరిచి ఉంచారు. ఏ రెండు అక్షరాలు పాఠకుణ్ణి మోసగిస్తాయో ముందుగా గుర్తించి, అక్కడే శ్రమను కేంద్రీకరించిన పని అది. మన థ, ధ లకు అటువంటి శ్రమ దక్కలేదు.

తరువాత వచ్చిన క్లియర్‌టైప్ అనే పద్ధతి కథ మరింత ఆలోచింపజేస్తుంది. మైక్రోసాఫ్ట్ దీనిని 1998లో ప్రకటించింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో చేర్చింది, 2007లో వచ్చిన విస్టాలో మొదటినుంచే అమలులో ఉంచింది. పలచని తెరలపై ఒక్కొక్క బిందువూ నిజానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు నిలువు ముక్కల కూర్పు. ఆ ముక్కలను విడివిడిగా వెలిగిస్తే అడ్డంగా మూడు రెట్ల సూక్ష్మత దొరుకుతుంది. నిలువు గీతలతో నిండిన రోమన్ లిపికి ఇది వరప్రసాదమైంది. కాని అడ్డంగా దొరికిన సూక్ష్మత నిలువుగా దొరకలేదు. తెలుగు అక్షరానికి ప్రాణం నిలువు గీతలలో లేదు, పైనా కిందా మెల్లగా ఒరిగే వంపులలో ఉంది. సరిగ్గా ఆ వంపుల దగ్గరే మెట్లు మెట్లుగా తెగిన అంచులు కనిపించాయి. 2009 నాటి విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్ అనే కొత్త చిత్రణ విధానం నిలువు దిశలో కూడా అంచులను మెత్తబరిచింది. అప్పటివరకూ చిన్న అక్షరాన్ని చదివించడం కోసం వచ్చిన ఉపాయం ఒక లిపికి నిండుగానూ, మరొక లిపికి సగంగానూ ఉపకరించింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఎదుట ఉన్న లిపిని చూసి పనిముట్టు చేశారు, అంతే.

ఇక మన లిపి నిర్మాణానికి వద్దాము. తెలుగు అక్షరం మూడంతస్తుల మేడ. నడుమ అంతస్తులో అక్షరపు దేహం ఉంటుంది. దాని పైన తలకట్టు, గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం నివసిస్తాయి. కింది అంతస్తు వత్తులది. 'రాష్ట్రం', 'స్త్రీ' వంటి మాటలలో ఒక వత్తుకు తోడు క్రావడి కూడా చేరుతుంది. 'కార్త్స్న్యము' వంటి సంస్కృత పదం వస్తే కింది అంతస్తులోనే మరికొన్ని గదులు కట్టవలసి వస్తుంది. రోమన్ లిపిలోనూ కొన్ని అక్షరాలు పైకి లేస్తాయి, కొన్ని కిందికి దిగుతాయి. అయితే అక్కడ పైకి లేచేది, కిందికి దిగేది ఒక కాడ మాత్రమే. ఇక్కడ కిందికి దిగేది మరొక పూర్తి అక్షరం. దానికీ కడుపు ఉంటుంది, చుక్క ఉంటుంది, మెలిక ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. పుట రూపకర్త 12 బిందువుల పరిమాణం అని నిర్ణయించాడనుకుందాము. ఆ పన్నెండింటిని మూడు అంతస్తులూ పంచుకోవాలి. ఉజ్జాయింపుగా నడుమ దేహానికి ఐదారు వరుసలు దక్కుతాయి, వత్తుకు మూడు నాలుగు. థకారానికి తలకట్టు ఒక వరుస, పై వంపు ఒకటి, ఖాళీ ఒకటి, చుక్క ఒకటి, మళ్లీ ఖాళీ ఒకటి, కింది వంపు ఒకటి, దాని కింది గీత ఒకటి, కనీసం ఏడు వరుసలు కావాలి. దొరికేవి ఐదారు. అదే థకారం వత్తుగా మారితే తలకట్టు పోయినా మిగిలిన అయిదారింటికి మూడు నాలుగే దొరుకుతాయి. ఎంత గొప్ప శిల్పి అయినా ఈ లెక్కను ఓడించలేడు. చుక్క పోవడం శిల్పి అశ్రద్ధ వల్ల కాదు, అంకగణితం వల్ల. 'కథ'ను 'కధ' అని వ్రాయడం పాత అలవాటే. తెరపై ఈ రెండూ ఒకే రూపంలో కనిపిస్తుంటే కొత్త తరానికి ఆ అలవాటు తప్పని తెలిసే దారి కూడా మూసుకుపోతుంది. ఠకారానికీ రకారానికీ మధ్య తేడా చుక్కే. ద, ధ లకు, ప, ఫ లకు, డ, ఢ లకు మధ్య తేడా కింద చిన్న గీతే. మహాప్రాణాలలో చాలావరకు ఇట్లా ఒక్క బిందువు దయ మీద ఆధారపడి ఉన్నాయి.

ఇతర భారతీయ లిపులతో పోలిస్తే మన కష్టం ప్రత్యేకత తెలుస్తుంది. దేవనాగరికి శిరోరేఖ ఉంది. అది నిటారైన అడ్డగీత కావడం వల్ల సరిగ్గా ఒక బిందువుల వరుసలో కూర్చుంటుంది, మాటను ఒక దండగా గుచ్చి చూపుతుంది. తెలుగు తలకట్టు ఏటవాలుగా ఎగిరే చిన్న టిక్కు. అది ఏ వరుసలోనూ పూర్తిగా ఇమడదు. కన్నడం మనకు సోదర లిపి కాబట్టి మన కష్టాలలో ఎక్కువ భాగం వారివి కూడా. ఉర్దూ నస్తాలీక్ లిపి కథ వేరు. ఏటవాలుగా దిగివచ్చే ఆ వ్రాతకు నిలువుగా చాలా చోటు కావాలి. ఆ చోటు ఇవ్వలేక తెరలపై ఏళ్ల తరబడి ఉర్దూను నస్ఖ్ అక్షరాలలోకి మార్చి చూపించారు. హైదరాబాదులో నస్తాలీక్‌కు అలవాటు పడిన కంటికి అది సొంత ఇంట్లో పరాయి వేషంలా ఉండేది. మనకు అటువంటి ప్రత్యామ్నాయ శైలి కూడా లేదు.

తెలుగు అక్షరాలు తెర మీదికి వచ్చిన క్రమాన్ని ఈ దృష్టితో చూస్తే కొన్ని విషయాలు స్ఫురిస్తాయి. కాన్పూరు ఐఐటీలో మొదలై తరువాత పుణేలోని సీ-డాక్‌లో పెరిగిన జిస్ట్ పరిజ్ఞానం 1980ల దశకంలోనే భారతీయ లిపులను కంప్యూటరు తెరపై నిలిపింది. 1991లో ఇస్కీ ప్రమాణం స్థిరపడింది, అదే ఏడు వెలువడిన యూనికోడ్ తొలి సంపుటంలో తెలుగుకు చోటు దొరికింది. అక్షరానికి సంకేతం దొరకడం వేరు, రూపం దొరకడం వేరు. ఆనాటి మన చర్చలన్నీ సంకేతం చుట్టూ, కీలకపలక చుట్టూ తిరిగాయి. అవి అవసరమైన చర్చలే. తెలుగు కనిపించడమే పండుగగా ఉన్న రోజులలో ఎట్లా కనిపిస్తున్నదని అడిగేవారు ఉండరు. పత్రికలు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటును వాడుకున్న కాలంలో పాఠకుడికి ఫాంటు అనేది ముందు ఒక అడ్డంకిగా, తరువాతనే ఒక రూపంగా పరిచయమైంది.

విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి తెలుగువారిలో ఎక్కువమంది చూసిన తొలి యూనికోడ్ అక్షరరూపం. కన్నడానికి తుంగ, తెలుగుకు గౌతమి అని నదుల పేర్లు పెట్టడం ముచ్చటైన ఆలోచన. గౌతమి పంక్తుల మధ్య ఎడాన్ని ఉదారంగానే ఇచ్చింది, వత్తులకు చోటు కేటాయించింది. కాని ఆ ఉదారత అంతా అక్షరం చుట్టూ ఉన్న ఖాళీకే పోయి, అక్షరం మాత్రం చిన్నదిగా మిగిలిపోయింది. పేరులో గోదావరి పాయ ఉన్నా చిన్న పరిమాణంలో కనిపించేది వేసవి నాటి పాయే. అమెరికాలో ఉంటూ తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అక్షరరూపాలు ఈ చర్చకు మంచి ఉదాహరణలు. పోతనలో సంప్రదాయ ముద్రణాక్షరపు సన్నదనం, మందం రెండూ ఉన్నాయి. కాగితం మీద కంటికి ఇంపుగా ఉంటుంది. తెరపై చిన్నది చేసినప్పుడు దాని సన్నని భాగాలు బూడిదరంగులోకి కరిగిపోతాయి. వేమనలో గీతల మందం దాదాపు ఒకే రీతిగా ఉంటుంది. అందులో అలంకారం తక్కువ, కాని చిన్న పరిమాణంలో నిలబడేది అదే. పేర్లు కూడా కుదిరాయని ఒక రసజ్ఞుడు అనుకుంటే తప్పు పట్టలేము.

2010ల దశకంలో సిలికానాంధ్ర సంస్థ ద్వారా వెలువడి, తరువాత గూగుల్ సంచయంలో చేరిన తెలుగు అక్షరరూపాల సంఖ్య చూస్తే సంతోషం కలుగుతుంది. రామభద్ర, ధూర్జటి, గిడుగు, గురజాడ, సూరన్న, మండలి అని మన సాహిత్య, సాంస్కృతిక చరిత్ర అంతా అక్కడ కొలువు తీరింది. విమర్శకుడిగా ఒక్కమాట చెప్పక తప్పదు. వీటిలో హెచ్చుభాగం శీర్షికలకు, శుభలేఖలకు, గోడపత్రికలకు పనికివచ్చేవి. రామభద్ర బొద్దుదనం పెద్ద అక్షరాలలో ఠీవిగా ఉంటుంది. దానినే పేరాలకు వాడితే అక్షరాల కడుపులన్నీ మూసుకుపోయి పుట మీద మసి పూసినట్లు ఉంటుంది. కొన్ని పుటలలో దానినే పేరాలకు వాడటం చూస్తున్నాము. దోషం అక్షరరూపానిది కాదు, వాడినవారిది. ఆ కొలువులో దినసరి చదువుకు అనువైనవి మండలి వంటి ఒకటి రెండే. మనకు అలంకారాల కొరత లేదు, అన్నం వంటి అక్షరం కొరత ఉంది.

గూగుల్ వారి నోటో వరుసలో ఒక చిన్న విషయం నా వాదానికి సాక్ష్యంగా నిలుస్తుంది. నోటో సాన్స్ తెలుగు అనే మామూలు రూపంతో పాటు, పేరు చివర 'యూఐ' అని చేర్చిన మరొక రూపాన్ని కూడా వారు విడుదల చేశారు. మెనూలు, బొత్తాలు వంటి ఇరుకు చోట్లలో ఇమడడం కోసం నిలువు కొలతలను బిగించిన రూపం అది. అంటే పెట్టె ముందే తయారైంది. దాని ఎత్తును రోమన్ లిపి నిర్ణయించింది. తెలుగు ఆ పెట్టెలో పట్టేటట్టు ముడుచుకోవాలి. 2012లో విండోస్ 8తో వచ్చిన నిర్మలా యూఐ అనేక భారతీయ లిపులను ఒకే కుటుంబంగా తీర్చిదిద్దింది. గౌతమి కంటే ఇది ఎంతో స్ఫుటమైనదని ఒప్పుకోవాలి. అయినా ఒకే ఇంట్లో అందరికీ ఒకే ఎత్తు గది ఇస్తే పొడుగువాడు వంగి నడవవలసిందే.

పాత లేఖకులు ఈ విషయంలో మనకంటే మెలకువగా ఉన్నారని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఉకారపు కొమ్మును మనం చాలా అక్షరాలకు కుడి పక్కన పెడతాము. వకారానికి కూడా అట్లాగే కుడి పక్కన పెడితే అది మకారంలా కనిపిస్తుంది. అందుకే 'వు' వ్రాసేటప్పుడు కొమ్ము కింది నుంచి మొదలై పైకి తిరుగుతుంది. ఈ నియమాన్ని ఏ సంఘమూ తీర్మానించలేదు. చదివేవాడు పొరబడకూడదన్న ఒక్క ఆలోచన తరతరాల చేతులలో రూపం దిద్దుకొని లిపిలో భాగమైంది. తాటియాకు మీద గంటంతో వ్రాసినవారికి ఆకు ఒక హద్దు. ఆ హద్దుకు లోబడుతూనే అక్షరాల మధ్య తేడాను వారు కాపాడారు. తెర కూడా ఒక ఆకు వంటిదే. దానికి తగిన సర్దుబాట్లను మన కాలపు అక్షరశిల్పులు ఎందుకు చేయరాదు? చిన్న పరిమాణాలలో థకారపు చుక్కను కాస్త పెద్దదిగా చేసి కడుపును వెడల్పు చేయవచ్చు. ఏత్వపు మెలికను ఇంకొంచెం పైకి లేపవచ్చు. మహాప్రాణపు గీతను దేహం నుంచి ఒక బిందువు దూరంగా దించవచ్చు. ఇవి లిపిని మార్చడం కాదు, లిపి చేసే పనిని కాపాడటం.

లిపినే సరళం చేయాలనే వాదాన్ని కూడా న్యాయంగా పరిశీలించాలి. వత్తులను తొలగించి పొల్లుతో వరుసగా వ్రాస్తే కింది అంతస్తు అవసరమే ఉండదు, దేహం పెద్దదవుతుంది, చిన్న పరిమాణంలోనూ ప్రతి అక్షరం కనిపిస్తుంది. తమిళ లిపి చాలావరకు ఈ దారిలోనే నడిచి తెరపై హాయిగా ఉంది. వాదం బలమైనదే. కాని చదువరి కన్ను అక్షరం వెంట అక్షరం నడవదు, మాటను ఒక్కసారిగా పట్టుకుంటుంది. 'రాష్ట్రం' అనే మాటకు తెలుగువారి మనసులో ఒక రూపం ఉంది. దానిని పొల్లులతో విడదీసి పరిచితే అక్షరాలన్నీ కనిపిస్తాయి కాని మాట కనిపించదు. పైగా పాత గ్రంథాలకూ కొత్త చదువరికీ మధ్య ఒక అగడ్త తవ్వినట్లవుతుంది. ఒక యంత్రం ఇరుకు కోసం అంత మూల్యం చెల్లించడం అవివేకమని నా ఉద్దేశం. యంత్రాలు మారుతాయి. టైపురైటరు కోసం లిపిని కోసుకొని ఉంటే ఈనాడు ఆ యంత్రమూ లేదు, ఆ అక్షరాలూ ఉండేవి కావు.

యంత్రాలు మారాయి కూడా. 2010లో వచ్చిన ఐఫోన్ 4 తెరలో అంగుళానికి 326 బిందువులు ఉన్నాయి. ఆ తరువాత ఫోన్ల తెరలన్నీ ఆ దారి పట్టాయి. ఇక ఈ సమస్య తీరినట్లే కదా అని కొందరు అంటారు. అంచుల సమస్య చాలావరకు తీరిన మాట నిజమే. పరిమాణం సమస్య తీరలేదు. తెర ఎంత సూక్ష్మమైనా, అక్షరమే చిన్నదైతే కంటికి చేరే ప్రతిబింబం చిన్నదే. ఆంగ్లానికి సరిపోయిన పరిమాణాన్నే తెలుగుకూ ఇచ్చే అలవాటు ఫోనులోకి కూడా యథాతథంగా వచ్చింది. (సంయుక్తాక్షరాలు ఆ యంత్రాలకు ఇప్పటికీ ఎంత కొత్తో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞ'తో కూడిన ఒక అక్షరాల వరుస ఐఫోన్లను స్తంభింపజేసింది. జ్ఞానమన్న మాట బరువు యంత్రానికి తెలిసిన రోజది.)

అందువల్ల చిన్న తెలుగు అక్షరానికి మందు చాలావరకు పుట రూపకర్త చేతిలోనే ఉంది. ఆంగ్లం 16 బిందువులలో ఉన్నచోట తెలుగును 19 లేదా 20కి పెంచాలి. పంక్తుల మధ్య ఎడాన్ని అక్షర పరిమాణానికి 1.6 లేదా 1.7 రెట్లు ఉంచాలి. భాషను బట్టి వేర్వేరు కొలతలు ఇచ్చే సదుపాయం వెబ్ పుటల నిర్మాణ భాషలో ఏనాటినుంచో ఉంది. దానికి వ్రాయవలసినది ఒకటి రెండు పంక్తులు. పెద్ద పెట్టుబడి కోరని పని ఇది. అయినా జరగడం లేదు, ఎందుకంటే పుటను ముందు ఆంగ్లంలో తీర్చి, ఆమోదం పొంది, చివరి వారంలో అందులోకి తెలుగును పోస్తారు. అప్పుడు మెనూలలో వత్తులు సగానికి తెగుతాయి. 'సంస్కృతి' అనే మాట కింద ఉండవలసినవి లేకుండా తేలుతుంది. ఒక సాంస్కృతిక పుటపైనే ఆ మాట అట్లా కనిపించడం కంటే వ్యంగ్యం వేరే ఉండదు.

ప్రభుత్వ పుటల నిర్మాణానికి కేంద్రం 2009లో మార్గదర్శకాలు వెలువరించింది. వెబ్ పుటల అంతర్జాతీయ ప్రమాణాలు 2008 నుంచే అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా 4.5 రెట్లు ఉండాలని, అక్షరాన్ని రెండింతలు పెంచినా పుట చెదరరాదని చెబుతున్నాయి. అందుకే అనేక పుటల శిరోభాగంలో అక్షరాన్ని పెంచే, తగ్గించే బొత్తాలు కనిపిస్తాయి. తెలుగు పుట మీద కూడా చాలాచోట్ల ఆ బొత్తంపై ఉండేది ఆంగ్లపు మొదటి అక్షరమే. దానిని నొక్కితే అక్షరం పెరుగుతుంది, పంక్తి ఎడం పెరగదు. పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులతో ఢీకొంటాయి. చూపు మందగించిన వృద్ధుడు పెంచమని అడిగితే గందరగోళాన్ని పెంచి ఇచ్చినట్లవుతుంది. నాగరికంగా ఉంటుందని నలుపుకు బదులు లేత బూడిదరంగు వాడటం మరొక వేలంవెర్రి. రోమన్ లిపిలోని మందపాటి కాడలు ఆ రంగును భరిస్తాయేమో కాని తెలుగు వంపులు భరించలేవు. బొద్దు రూపం లేని ఫాంటును బొద్దు చేయమంటే యంత్రం గీతను పక్కకు పులిమి లావు చేస్తుంది. అప్పుడు మ, య లు, భ, బ లు ఒకే మచ్చగా మారతాయి. వాలు అక్షరాల సంప్రదాయం మనకు లేకపోయినా తెలుగును వాల్చి చూపే పుటలకు కొదవ లేదు.

ఈ చిక్కులన్నీ తప్పించుకోవడానికి కొందరు తెలుగు పాఠాన్ని బొమ్మగా అచ్చొత్తి పుటపై అతికిస్తారు. కాగితాన్ని స్కాన్ చేసి పెడతారు. అది పెంచితే మసకబారుతుంది, వెతికితే దొరకదు, చూపు లేనివారికి చదివి వినిపించే సాధనాలకు అందదు. ఫోనులో వేళ్లతో లాగి లాగి ఒక్కొక్క పంక్తిని అటూ ఇటూ జరుపుకుంటూ చదివేవారి ఓపికకు హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటినవారు ఆంగ్ల పుటకు వెళ్తారు, లేదా ఎవరినైనా చదివిపెట్టమంటారు. తెలుగును రోమన్ అక్షరాలలో వ్రాసుకొనే అలవాటు వ్యాపించడానికి కీలకపలకే కారణమని అందరూ అంటారు. కీలకపలక సమస్య చాలావరకు తీరిన తరువాత కూడా ఆ అలవాటు పోలేదు. చిన్న అక్షరాలలో రోమన్ తెలుగు కంటికి సులువుగా అందడం కూడా అందుకు ఒక కారణమని నేను భావిస్తున్నాను.

అచ్చుకూటాలలో సీసపు అక్షరాలు కూర్చిన రోజులలో ప్రూఫు తీయకుండా ఏ పుటనూ యంత్రం ఎక్కించేవారు కారు. కంపోజిటరు కూర్చిన గాలీని కాగితంపై ఒత్తి, వత్తు విరిగిందా, గుడి అరిగిందా అని చూసేవారు. అరిగిన అక్షరాన్ని తీసి కొత్తది పెట్టేవారు. తెర మీది పుటకు వర్ణదోషాలు చూసేవారు ఉన్నారు కాని అక్షరం చదవగలిగేటట్టు ఉందా అని ప్రూఫు చూసేవారు లేరు. దానికి పెద్ద సామగ్రి అక్కరలేదు. కథ, అర్థము, అర్ధము, నెల, నేల, మావు, మామ, రాష్ట్రం, స్త్రీ, సంస్కృతి, కార్త్స్న్యము అనే మాటలను పుటలోని అతి చిన్న అక్షరంతో కూర్చి, చత్వారం వచ్చిన ఒకరి ఎదుట పాత కార్యాలయపు తెరపై పెట్టి, కళ్లజోడు సవరించుకోకుండా చదవమని అడగాలి. అంతకు ముందు ఆ పుటను ప్రారంభించరాదు.